ఆ గోల మాదే

మా పేర్లు వినంగనే మాకు ఖవ్వాలీ వచ్చనుకుంటరు. ఉర్దూ వచ్చనుకుంటరు, గజల్ అర్థమైతదనుకుంటరు, బిర్యానీ చెయ్యటం తల్లి కడుపులనే నేర్చుకుంటమనుకుంటరు. పెండ్లి కాడనో ఆఫీసు కాడనో ఎవరో ఒకరు నవ్వుకుంట 'సాయెబూ, మీవోళ్ల పాట ఒకటి అందుకో' అంటరు. ఏది మావోళ్ల పాట? ఎవరు మావోళ్లు? దానికి జవాబు చెప్పాలంటే మూడు క్యాసెట్ల సంగతి చెప్పక తప్పదు.

పాల్వంచ దాటి బూర్గంపాడు దిక్కు పోయే దారి మాది. ఒక దిక్కు అడివి, ఇంకో దిక్కు గోదావరి. అప్పుడంతా ఖమ్మం జిల్లానే. 2014ల కొన్ని మండలాలు ఆంధ్రకు పోయినయి, 2016ల మిగిలిన మాకు భద్రాద్రి కొత్తగూడెం జిల్లా అని పేరు పడ్డది. పేరు ఏది పెట్టినా మా తురకోళ్ల ఇండ్లల్ల నానీమాలు తెలుగులనే తిడతరు, తెలుగులనే ఏడుస్తరు. మా ఉర్దూ విని హైద్రాబాద్ చుట్టాలు నోటికి దస్తీ అడ్డం పెట్టుకుంటరు. నాగుల్‌మీరా, సైదులు, మౌలాలి, మస్తాన్, లాల్‌బీ – ఇవీ మా పేర్లు. సంతలల్ల గాజులు అమ్మినోళ్లం, బట్టలు కుట్టినోళ్లం, మేకల బేరం చేసినోళ్లం, తునికాకు కల్లాల కాడ కట్టలు లెక్కబెట్టినోళ్లం. మా తాతలకు కోయ మాట వచ్చినంత సాఫీగ ఉర్దూ రాలే. ఇల్లెందు దగ్గర సత్యనారాయణపురంల నాగుల్‌మీరా దర్గా ఉన్నది. ఊరి పేరు, దర్గా పేరు పక్కపక్కన పెట్టి చూడండి, మేం ఎసుంటోళ్లమో కొంత తెలుస్తది.

ఖవ్వాలీ అంటే మాకు తెలిసింది సినిమా ఖవ్వాలీ. ఆడోళ్లు ఒక దిక్కు, మొగోళ్లు ఒక దిక్కు, చేతిరుమాళ్లు ఊపుకుంట సవాల్ జవాబ్. మూడు నిమిషాలల్ల అయిపోతది. అది అందరికీ అర్థమైతది, మాకూ అయ్యేది.

1990 ఆగస్టుల ఇరాక్ సైన్యం కువైట్ మీద పడ్డది. అక్కడ డ్రైవర్లుగ, వంటోళ్లుగ, మేస్త్రీలుగ ఉన్న మనోళ్లు ఎడారి దాటి జోర్డాన్ చేరిండ్రు. అమ్మాన్ నుంచి లక్ష మందికి పైనే విమానాలల్ల ఇండియాకు వచ్చిండ్రు. మా మామూ అందులో ఒకడు. కష్టపడి కొన్న టూ ఇన్ వన్ ఆడనే పోయింది. దుప్పట్లు పోయినయి, రావాల్సిన జీతం పోయింది. చేతిసంచిల ఒక జత బట్టలు, పాస్‌పోర్టు, మూడు క్యాసెట్లు మిగిలినయి. మామూతోని ఒకే గదిల ఉన్న పాకిస్తాన్ డ్రైవర్ ఇచ్చిన క్యాసెట్లట. వాటి మీద ఉర్దూల రాసి ఉన్నది. మాలో ఒక్కరికీ చదవరాలే. మస్జిద్ హజ్రత్ దగ్గరికి తీసుకపోతే చదివి చెప్పిండు: 'నుస్రత్ ఫతే అలీ ఖాన్ ఖవ్వాల్ అండ్ పార్టీ'. ఖమ్మం జిల్లాల పుట్టినోళ్లం కద, పార్టీ అంటే మాకు ఎర్రజెండానే గుర్తొచ్చింది.

మేం అంటే అన్నదమ్ములం, చిచ్చా కొడుకులం, పక్కింటి దూదేకుల పిల్లలం. తొమ్మిదో పదో చదివే వయసు. టేప్ రికార్డర్ అడిగి తెచ్చి ఏడెనిమిది మందిమి చుట్టూ కూసున్నం. మొదలు హార్మోనియం ఒక్కటే చాలాసేపు మోగింది. తర్వాత ఒక గొంతు తాళం లేకుండ ఎటో పోయింది. ఇంకో గొంతు దాని మీదికెక్కింది. ఆ తర్వాత తబలా, పదిమంది చప్పట్లు, పదిమంది నోళ్లు ఒక్కసారే మీద పడ్డయి. మాట వినబడదు. వినబడ్డ మాట ఏ భాషో తెలియదు. కొంత పంజాబీ, కొంత పారసీ, కొంత ఉర్దూ అని మాకు చాలా ఏండ్ల తర్వాత తెలిసింది. పైనుంచి ఆ క్యాసెట్టే కాపీకి కాపీ, టేపుల ఉండే సరసర చప్పుడు వాన లెక్క కురుస్తనే ఉంటది. పాట అయిపోయిందనుకుంటే మళ్ల మొదటికొచ్చేది. సైడ్ మొత్తం ఒక్కటే పాట! మా దూదేకుల దోస్తు 'వీళ్లు పాడుతుండ్రా, కొట్లాడుతుండ్రా' అన్నడు. లోపల్నుంచి నానీమా, 'ఏందిరా ఆ గోల, బంజేయండి' అని అరిచింది.

మళ్ల ఎందుకు విన్నమంటే, ప్రేమ పుట్టి మాత్రం కాదు. ఇంట్ల ఇంకో క్యాసెట్ లేదు. మామూకు పని లేదు. పొద్దుగూకంగనే పెరట్ల మంచమేసుకుని ఆ మూడే తిప్పి తిప్పి పెట్టేది. కరెంటు పోతే సెల్లులేసేది. సెల్లులు అయిపోతుంటే పాట మెల్లమెల్లగ ముసలిదయ్యేది, అప్పుడు సెల్లులు తీసి ఎండల పెట్టేది. టేపు చిక్కుపడితే పెన్సిల్ పెట్టి తిప్పేది మేమే. పని ఏదన్నా కానీ, ఆ గోల మా ఇంటి గాలిల కలిసిపోయింది.

ఎన్నోసారికో మొదలు చప్పట్లు విడిపడ్డయి. అప్పటిదాక అవి గుంపు కొట్టే మోత. ఇప్పుడు అవి ఎప్పుడు ఆగుతున్నయో, ఆగినప్పుడు పెద్ద గొంతు ఎటు దుంకుతున్నదో పట్టుబడ్డది. మాకు పీర్ల పండగ డప్పు తెలుసు. అలావ చుట్టూ తిరిగేటప్పుడు దరువు మారితే కాలు దానంతట అదే మారుతది, ఎవరూ నేర్పరు. కొమ్ము కోయల ఆటల డోళ్ల దరువు కూడ అసుంటిదే. దూరం నుంచి వినెటోళ్లకు ఒక్కటే మోత, ఆడేటోళ్లకు అందులో ఎన్నో మలుపులు. ఆ చెవితోని వింటే ఖవ్వాలీ తాళం దొరికింది. ఉర్దూ ముక్క రాకున్నా సరే, ఎక్కడ తల ఊపాల్నో మాకు తెలిసిపోయింది.

తర్వాత దొరికింది మాట. అంత గోలల మాకు తెలిసిన మాట ఒకటి తేలింది – 'మౌలా'. అది మా తాత పేరుల ఉన్న మాట. మా ఊరి పీరు పేరుల ఉన్న మాట. 'అలీ' అని, 'మౌలా' అని పది నోళ్లు పదిసార్లు, ఇరవైసార్లు అంటుంటే మేం ఒకరి మొఖం ఒకరం చూసుకున్నం. మౌలాలి అంటే మౌలా అలీ అని మాకు అప్పటిదాక ఎవరూ విడదీసి చెప్పలే. బడిల ఆ పేరు పిలిచి ఎన్నిసార్లు నవ్విండ్రో! పేరు మోటుగ ఉన్నదని స్కూల్ రిజిస్టర్ల మార్పించుకున్నోళ్లు మాలో ఉన్నరు. 1970ల మొదట్ల నుస్రత్ పార్టీకి పాకిస్తాన్ల పెద్ద పేరు తెచ్చిన పాట కూడ ఆ అలీ మీది పాటేనట. మా తాత పేరు పట్టుకుని ఒక మనిషి అరగంట సేపు గొంతు చించుకుంటుండు. ఆ రోజు నానీమా టేప్ బంజేయమనలే. వాకిట్ల బియ్యం ఏరుకుంట వింటనే ఉన్నది.

ఒకే మాటను మళ్ల మళ్ల అనడాన్ని ఖవ్వాలీల తక్‌రార్ అంటరు. ఈ మాట తెలియంగనే మేం పగలబడి నవ్వినం. మా దగ్గర తకరారు అంటే పేచీ. భూమి తకరారు, గట్టు తకరారు, పెండ్లి బాకీ తకరారు. ఏజెన్సీల భూమి గిరిజనేతరుల పేరు మీదికి మారొద్దని 1970ల ఒకటో నంబరు రెగ్యులేషన్ వచ్చినకాన్నుంచి, దాన్నే వన్ ఆఫ్ సెవెంటీ అంటరు, మా దిక్కు వకీళ్ల నోట్ల తకరారే తకరారు. ఆ ఒక్క మాటకు ఉర్దూల మళ్ల చెప్పటం అనీ, జగడమాడటం అనీ రెండర్థాలున్నయి. తెలుగు జగడాన్ని ఉంచుకుని, మళ్ల చెప్పటాన్ని వదిలేసింది. వినంగ వినంగ మాకు రెండూ ఒక్కటేనేమో అనిపించింది. గాయకుడు ఒక మాటను పట్టుకుని వదలడు. ఒకసారి అడిగినట్టు అంటడు, ఒకసారి బతిమాలినట్టు, ఒకసారి కోపంగ, ఒకసారి తనలో తనే. నడుమల ఇంకో కవి రాసిన షేర్ తెచ్చి ముడి వేస్తడు. దాన్ని గిరహ్ అంటరు, ముడి అనే అర్థం. ముడి పడంగనే పాత మాటకు కొత్త అర్థం వస్తది. అప్పుడు మళ్ల అదే మాట. ఇది తెలియనోళ్లకు అరిగిపోయిన రికార్డు, తెలిసినోళ్లకు ఏ రెండుసార్లూ ఒక్క తీరుగ ఉండదు.

ఢిల్లీల ఖుత్బుద్దీన్ బఖ్తియార్ కాకీ అనే చిష్తీ సూఫీ 1235ల సమా వింట వింటనే పోయిండు. పారసీ షేర్ ఒకటి ఆయన్ని పట్టుకున్నది. అదే షేర్‌ను ఖవ్వాల్‌లతోని మళ్ల మళ్ల పాడించుకుంట రోజులు గడిపి ప్రాణం విడిచిండని చరిత్రల రాసిండ్రు. హజ్రత్ ఈ కథ చెప్పినప్పుడు మామూ ఏమీ అనలే. లేచిపోయి క్యాసెట్ వెనక్కి తిప్పిండు.

మీకు ఇదంతా పరాయిగ ఉంటే భద్రాచలం రాండి. మేం తెల్లారుజామున అజాతోపాటు విన్నవి గుడి మైకుల రామదాసు కీర్తనలే. బాలమురళి గొంతుల ఒక్క పంక్తిని పట్టుకుని ఇటు తిప్పి, అటు తిప్పి, మళ్ల అక్కడికే వచ్చుడు మాకు చిన్నప్పటి నుంచి తెలుసు. సంగతి అంటరట దాన్ని. రామదాసు నగలకు ఎంతెంత ఖర్చుపెట్టిండో లెక్కజెప్పి రాముణ్ణే నిలదీస్తడు. అది తకరారు కాక ఇంకేంది? ఆయన పనిచేసింది గోల్కొండ కింద. ఖైదుల పెట్టిన తానీషా కూడ షా రాజు అనే సూఫీకి మురీదు. రామదాసుకు కబీరే గురువని హరికథల చెప్తరు. కబీర్ పదిహేనో శతాబ్దం మనిషి, రామదాసు పదిహేడో శతాబ్దం, తారీఖులు కలవయి. కథ చెప్పినోళ్లకు మాత్రం కలపాలనిపించింది. ఆ కోరిక మాకు నచ్చింది. శ్రీరామనవమికి ప్రభుత్వం తెచ్చే ముత్యాల తలంబ్రాలు తానీషా కాలం నుంచి వస్తున్నయంటరు. అదే పండగనాడు తానీషాను తురక రాజని తిట్టే ఉపన్యాసాలూ మేం మైకులనే విన్నం.

1992 డిసెంబర్ 6న బాబ్రీ మస్జిద్‌ను కూలగొట్టిండ్రు. ఆ నెల మా ఇంట్ల టేప్ వాల్యూం తగ్గింది. ఎవరూ చెప్పలే, అమ్మీనే లేచి గుండీ తిప్పింది. తర్వాత కొద్దిరోజులకు బస్టాండ్ కాడ హోటల్ల ఒకాయన మామూను పట్టుకుని, 'మీ ఇంట్ల పాకిస్తాన్ పాటలు పెడుతుండ్రట' అన్నడు. చిన్నప్పటి నుంచి మామూతోని గోదావరిల ఈతకొట్టిన మనిషే. మామూ చాయ్ సగంల వదిలి వచ్చిండు. తక్కువ వాల్యూంల ఖవ్వాలీ వినటం ఎట్ల ఉంటదో మీకు తెలియదు. పదిమంది గొంతు చించుకుంటున్నరు, చెవి టేపుకు ఆనిస్తే తప్ప వినబడదు. ఒకరి తర్వాత ఒకరం వంతులేసుకుని చెవి ఆనించి విన్నం. నిజం చెప్పాలంటే ఆ చిన్న చప్పుళ్లనే మాకు వెనకుండే గొంతులు తెలిసినయి. పెద్ద గొంతు ఒకటి, దాని కింద తమ్ముడు ఫర్రుఖ్ హార్మోనియం మీంచి అందుకునే గొంతు, ఇంకో పక్కన ముజాహిద్ గొంతు. తబలా దిల్దార్ హుసేన్‌ది.

1994ల 'మొహ్రా' సినిమా వచ్చింది. అందుల 'మస్త్ మస్త్' పాట కొత్తగూడెం నుంచి భద్రాచలం దాక పాన్‌డబ్బాలల్ల, ఆటోలల్ల, పెండ్లి బ్యాండుల, వినాయకుడి పందిళ్లల్ల మోగింది. బాణీ వినంగనే మేం ఎగిరిపడ్డం. అది నుస్రత్ పాడే ఖలందర్ పాట! సింధ్‌ల సెహ్వాన్ దర్గా ఫకీరు మీది పాటను తీసి హీరోయిన్ నడుముకు కట్టిండ్రు. ఆ హోటల్ కాడ గూడ అదే పాట, ఫుల్ వాల్యూం. అక్కడ అది పాకిస్తాన్ పాట కాలే. మేం వింటేనే అది పాకిస్తాన్ అయితది!

ఆమాటకొస్తే ఖవ్వాలీ ఏ దేశానిదని? అమీర్ ఖుస్రో ఢిల్లీల పండుకున్నడు. 1857 తర్వాత ఢిల్లీ దర్బారు పోయి హైద్రాబాద్ చేరిన తాన్‌రస్ ఖాన్ వంశంల అజీజ్ అహ్మద్ ఖాన్ వార్సీకి 1971ల పద్మశ్రీ ఇచ్చింది మన ప్రభుత్వమే. ఈ జవాబులన్నీ ఆ రోజు మామూకు తెలియవు. తెలిసినా, చాయ్ గ్లాసు ముందల పెట్టుకుని పద్మశ్రీ లెక్కలు చెప్పుకోవాల్సిన గతి ఎందుకు పట్టాలె?

ఇంటి బయట ఇట్ల ఉంటే ఇంట్ల ఇంకోటి. జమాత్‌ల తిరిగొచ్చిన మా పెద్ద చిచ్చా గాన బజానా హరాం అన్నడు. పాటల అల్లా పేరుంటే ఏంది, హార్మోనియం ఉన్నది కద అన్నడు. ఈ జగడం కొత్తది కాదు. నిజాముద్దీన్ ఔలియానే సమా వినొచ్చా వినొద్దా అని తుగ్లక్ సుల్తాన్ దర్బారుల జవాబు చెప్పుకోవాల్సి వచ్చింది. చిచ్చాతోని మేం వాదించలే, పెద్దోడు. ఆయన వస్తున్నడంటే టేప్ బంజేసేది, పోయినంక పెట్టేది. బయటోళ్లకు మేం ఎక్కువ తురకలం, చిచ్చాకు తక్కువ తురకలం. ఒక రాత్రి వానల ఆయన మా ఇంట్లనే పండుకున్నడు. మామూ మరిచిపోయి టేప్ పెట్టిండు. చిచ్చా అటు తిరిగి పండుకున్నడు గని బంజేయమనలే. నిద్రపోయిండో, విన్నడో అల్లాకే ఎరుక.

నుస్రత్ 1997 ఆగస్టు 16న లండన్‌ల పోయిండు. 48 ఏండ్లు. నాలుగు రోజుల ముందే ఏ.ఆర్. రెహమాన్ 'వందేమాతరం' క్యాసెట్ వచ్చింది, అందుల రెహమాన్‌తోని కలిసి శాంతి మీద పాడిన పాట ఉన్నది. మేం ఆ క్యాసెట్ కొన్నం. దాన్ని మాత్రం ఫుల్ వాల్యూంల పెట్టుకున్నం, ఎవరేమంటరు?

ఇప్పుడు మా ఇంట్ల హైద్రాబాద్‌ల సాఫ్ట్‌వేర్ పని చేసే పిల్లగాడున్నడు, మాలో పెద్దోడి కొడుకు. వాడికి నుస్రత్ తెలిసింది మా దగ్గర కాదు. 1990ల పీటర్ గాబ్రియల్ కంపెనీ రియల్ వరల్డ్ తెచ్చిన ఆల్బంల, మాసివ్ అటాక్ అనే ఇంగ్లీషు బ్యాండు చేసిన రీమిక్స్ విని తెలుసుకున్నడట. పోయిన బక్రీద్‌కు వచ్చినప్పుడు, 'చిచ్చా, ఇది ఒక్క పాట కంటే ఎక్కువ ఎవరూ వినరు' అనుకుంట మా చెవులకు హెడ్‌ఫోన్ తగిలించిండు. మై బ్లడీ వాలెంటైన్ అనే బ్యాండ్, డబ్లిన్‌ల పుట్టింది. ఆల్బం పేరు లవ్‌లెస్, 1991 నవంబర్ల వచ్చింది. మేం మామూ క్యాసెట్లు తిప్పుతున్న రోజులే. ఆ రకం పాటను షూగేజ్ అంటరట. గిటార్ వాయించేటోళ్లు స్టేజీ మీద తల దించుకుని కాళ్ల కాడి పెడల్స్‌నే చూసుకుంట నిలబడతరని, బూట్ల దిక్కు చూసేటోళ్లని ఇంగ్లండ్ పత్రికలు ఎక్కిరించి పెట్టిన పేరు. ఎక్కిరించిన పేరే నిలబడ్డది. మాకు ఆ సంగతి కొత్త కాదు, మమ్మల్ని తురకోళ్లన్నదీ అట్లనే.

విన్నం. గిటార్లు గోడ లెక్క మీదికొచ్చినయి. స్వరం నిలబడదు, మైకం పట్టినట్టు వంగుతది. కెవిన్ షీల్డ్స్ అనే ఆయన గిటార్‌కు ఉండే కడ్డీని వాయించుకుంటనే వంచుతడట, అందుకే అట్ల ఊగుతది. దాన్ని రెండేండ్లు, పద్దెనిమిదో పంతొమ్మిదో స్టూడియోలు మార్చి తయారుచేసిండ్రట. బిలిండా బుచర్ అనే ఆమె గొంతు ఎక్కడో అడుగున పడి ఉన్నది, జోల పాడినంత మెల్లగ. మాట ఒక్కటి పట్టుబడదు. పిల్లగాడు మా మొఖాలే చూస్తున్నడు, ఎప్పుడు 'ఏందిరా ఆ గోల' అంటమా అని. మేం 'ఇంకోసారి పెట్టు బేటా' అన్నం. మాట ముందు దొరకాలని మాకు పట్టింపు లేదు. చిన్నప్పుడు అర్థం తెలియకుండనే అరబ్బీ సూరాలు నోటికి నేర్చుకున్నం, అర్థం తెలియకుండనే కోయ పాటలు విన్నం. ముందు చెవి ఆడ కూసోవాలె, కూసుంటే ఏదో ఒకటి వచ్చి పక్కన కూసుంటది. నాలుగోసారికి ఆ గోడ కింద మోగే డ్రమ్ము దొరికింది. ఆరోసారికి గిటార్ ఒకటి హార్మోనియం తీరుగ సాగదీసి మూలుగుతున్నట్టు అనిపించింది. అన్ని పాటలూ నచ్చలే. రెండు నచ్చినయి. మిగిలినయి ఇంకా గోలనే, వాడికి ఆ మాటే చెప్పినం.

దానికి బదులు వాడు మా క్యాసెట్ల పాటనే యూట్యూబ్‌ల వెతికి పెట్టిండు. సాఫు రికార్డింగ్. మా వాన చప్పుడు లేదు, అది లేకపోతే మాకు పాట బోడిగ అనిపించింది. కానీ ముప్పై ఏండ్లల మాకు ఎన్నడూ వినబడని గొంతు ఒకటి అందుల ఉన్నది. మౌలా అన్నప్పుడల్లా అందరికంటే పైకి, సన్నగ పోతున్నది. పిల్లగాడు అది రాహత్‌ది అంటున్నడు, అప్పటికి చిన్న పోరడు, తమ్ముడు ఫర్రుఖ్ కొడుకు, గొంతు అట్లనే ఉండాలె అంటడు. మాలో ఇద్దరు కాదు, ముజాహిద్‌దే అంటున్నరు. మామూను అడుగుదామంటే ఇప్పుడు ఆయనకు చెవులు సరిగ్గ వినబడవు. అయినా ఫోన్ చెవి కాడ పెట్టినం. పాట మొత్తం విన్నడు. 'తబలా దిల్దార్‌దే' అన్నడు. గొంతు సంగతి ఇంకా తేలలే, వాడు రేపు రంజాన్‌కు వచ్చినప్పుడు మళ్ల పెట్టుకుని వినాలె.